నిశాహార విముక్తి

అసిరయ్య దరఖాస్తులో అడిగింది ఒక్కటే. తనను సి షిఫ్టు నుంచి తీసి ఎ షిఫ్టులో వెయ్యమని.

గోనె సంచుల మిల్లులో ఎ షిఫ్టు పొద్దున్న ఆరింటికి మొదలవుతుంది, సి షిఫ్టు రాత్రి పదింటికి. నిబంధనల ప్రకారం కార్మికులు వారానికోసారి షిఫ్టు మారాలి. ఆ నిబంధన ఏనాడో సర్దుకుంది. యూనియన్‌లో గొంతున్నవాళ్లు ఎ షిఫ్టులోనూ, ఆఫీసులో చుట్టాలున్నవాళ్లు బి షిఫ్టులోనూ, ఈ రెండూ లేనివాళ్లు సి షిఫ్టులోనూ స్థిరపడ్డారు. అసిరయ్య మగ్గం మీద చేరిన రోజు నుంచీ సి షిఫ్టే.

కొన్నాళ్లుగా అతనికి అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు ఉంటోంది. మిల్లు ఆసుపత్రి డాక్టరు హైమవతి రక్తం తీయించి చూసి, షుగర్ అంది. ఎప్పుడెప్పుడు తింటావని అడిగింది. నడిరాత్రి క్యారేజీ విప్పి అన్నం తింటానని, తెల్లారి ఇంటికెళ్లి మళ్లీ తిని పడుకుంటానని చెప్పాడు.

"ఒంట్లో ఒక గడియారం ఉంటుంది అసిరయ్యా. చీకటి పడ్డాక అది దుకాణం కట్టేస్తుంది. నువ్వు మూసిన దుకాణం ముందు బస్తాలు దించుతున్నావు," అంది. "మాత్రలు రాస్తాను. అసలు మందు మాత్రం రాత్రి నిద్ర. నిన్ను పగలు షిఫ్టుకి మార్చమని ఆఫీసుకి రాస్తాను."

అసిరయ్య తండ్రి కూడా ఇదే మిల్లులో సి షిఫ్టు చేశాడు. షుగర్‌కి ఒక కాలు తీసేశాక రిటైరయ్యాడు. అందుకని అసిరయ్య ఆ సాయంత్రమే దరఖాస్తు పెట్టాడు.

అది వెల్ఫేర్ ఆఫీసరు ముక్తేశ్వరరావు బల్ల మీదికి చేరింది. మామూలుగా అయితే అక్కడే ఉండిపోయేది. కానీ ఆ వారమే జనరల్ మేనేజరు గారు హైదరాబాదులో శ్రామిక స్వాస్థ్యం గురించి జరిగిన ఒక సదస్సుకు వెళ్లొచ్చారు. రాత్రి షిఫ్టు చేసేవాళ్ల జబ్బుల్లో రాత్రి తిండికి పెద్ద పాత్ర ఉందని, పగలే తింటే రక్తంలో చక్కెర అదుపులో ఉండవచ్చని అక్కడ ఒక ప్రొఫెసరు చెప్పాడు. ఇంకా కొన్ని సంగతులు కూడా చెప్పాడు గానీ అప్పటికి విందు మొదలైంది. ఆ విందు రాత్రి పదకొండు దాటాక ముగిసింది.

జనరల్ మేనేజరు గారు అసిరయ్యను పిలిపించారు. ముక్తేశ్వరరావు ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"నీ సమస్యను యాజమాన్యం మూలాల నుంచి పరిశీలించింది. నీ అనారోగ్యానికి హేతువు రాత్రి విధి కాదు, రాత్రి భుక్తి. హేతువును నిర్మూలించిన పక్షంలో షిఫ్టు మార్పు ఆవశ్యకత ఉత్పన్నం కాదు."

అసిరయ్య వెల్ఫేర్ ఆఫీసరు వైపు చూశాడు.

"రాత్రి అన్నం మానెయ్యమంటున్నారు," అన్నాడు ముక్తేశ్వరరావు.

"మానెస్తే పగలు డ్యూటీ ఇస్తారా బాబూ?"

"మానేస్తే పగలు డ్యూటీ అక్కర్లేదు."

అసిరయ్య దణ్ణం పెట్టి బయటికొచ్చాడు.

మర్నాడు నోటీసు బోర్డులో 'నిశాహార విముక్త శ్రామిక స్వాస్థ్య పథకం' వెలిసింది. రాత్రిపూట క్యాంటీన్ మూసేశారు. సి షిఫ్టుకు వచ్చేవాళ్ల క్యారేజీలు గేటు దగ్గర తీసుకుని, తెల్లారి ఎవరివి వాళ్లకు అప్పగించేవారు. అప్పగించేటప్పుడు అవి తేలిగ్గా ఉండేవి. పథకం మగ్గాల వాళ్లకే గాని గేటు కాపలావాళ్లకు వర్తించదు. ఆ నెలలో కాపలావాళ్లు బరువెక్కారు.

అసిరయ్య పక్క మగ్గం గంగులుది. అతను క్యారేజీ మానేసి, నీళ్ల సీసాలో రాగిపిండితో కాచిన చోడి అంబలి పోసుకొచ్చాడు. గేటు దగ్గర కాపలావాడు సీసా ఎత్తి దీపానికి పెట్టి చూశాడు.

"ఇదేటి?"

"నీలు."

"నీలు ఇలగుంతాయేటి?"

"మా ఊరి బోరు నీలు ఇలగే ఉంతాయి. కావాలంటే సర్పంచిని అడుగు."

కాపలావాడు సర్పంచి జోలికి పోలేదు. వెల్ఫేర్ ఆఫీసరుకి కబురు పెట్టాడు. ముక్తేశ్వరరావు స్కూటరు మీద వచ్చి సీసా మూత తీసి వాసన చూశాడు.

"సూటిగా చెప్పు. ఇది పానీయమా, ఆహారమా?"

"తాగినోడికి పానీయం బాబూ. ఆకలేసినోడికి ఆహారం."

నిర్ణయం తన స్థాయిలో తీసుకోదగినది కాదని ముక్తేశ్వరరావుకు తోచింది. సీసాకు సీలు వేసి మిల్లు ల్యాబ్‌కు పంపాడు. అది జనపనారలో తేమ కొలిచే ల్యాబ్. నమూనాలో తేమ మిల్లు ప్రమాణాలను మించి ఉందని, సంచుల తయారీకి ఇది పనికిరాదని వాళ్లు నివేదిక ఇచ్చారు. నివేదిక ఆధారంగా, నీరు కానిది ఏదైనా ఆహారమేనని ఆఫీసు తీర్మానించింది. అప్పుడు చుట్ట సంగతేమిటని ఎవరో అడిగారు. చుట్టలో పిండి పదార్థం లేదు కనుక అది పథకం స్ఫూర్తికి విరుద్ధం కాదని జవాబు వచ్చింది. సి షిఫ్టులో చుట్ట అలవాటు లేనివాళ్లు కూడా అలవాటు చేసుకున్నారు.

నెల తిరిగాక అందరికీ రక్తం తీశారు. చక్కెర తగ్గలేదు. అసిరయ్యకు పెరిగింది. రాత్రంతా కడుపు మాడ్చుకుని, తెల్లారి ఇంటికెళ్లి తపేలా ముందు పెట్టుకుంటున్నాడు.

"తపేలా కడిగే పని లేకుండా సేస్తన్నావు," అంది అతని భార్య దాలమ్మ. ఆమె బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. "మా బడి మొత్తానికి ఎసరెట్టిన బియ్యం నువ్వొక్కడివే తింతన్నావు. ఆ డాక్టరమ్మ ఏటి సెప్పింది, ఈ దొరగారు ఏటి సేస్తన్నాడు?"

"ఆయనా తిండి మాటే సెప్తన్నాడు."

"ఆవిడ నిద్ర మాట సెప్పింది. ఆ మాట ఎవుడూ ఎత్తడేటి?"

ఎవరూ ఎత్తలేదు. కాపలావాళ్లకు కూడా చక్కెర పెరిగిందని తేలడంతో వాళ్లను పథకంలో చేర్చారు. తర్వాత జనరల్ మేనేజరు గారు సమీక్షా సమావేశం పెట్టారు.

"రాత్రి తినరాదన్నది పథకంలో సగ భాగం మాత్రమే," అన్నారు. "పగలు నియమిత వేళల్లో తినవలెనన్నది మిగతా సగం. శ్రామికుడు గృహంలో ఏ వేళకు భుజిస్తున్నాడో నిర్ధారించే యంత్రాంగం మనకు లేదు. కాబట్టి భోజనం గృహ పరిధి నుంచి సంస్థ పరిధిలోకి రావాలి."

అలా వచ్చింది. సి షిఫ్టు వాళ్లందరూ పొద్దున్న ఎనిమిదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదున్నరకు మిల్లు క్యాంటీన్‌లో వేలిముద్ర వేసి భోంచెయ్యాలి. ఏ పూట వేలిముద్ర లేకపోయినా ఆ రాత్రి డ్యూటీకి గైర్హాజరు కింద లెక్క.

అసిరయ్య ఊరు ఏటి అవతల. తెల్లారి ఆరింటికి షిఫ్టు దిగి సైకిలు మీద ఇల్లు చేరి, చెప్పులు విప్పేసరికి ఎనిమిదింటి భోజనానికి బయల్దేరే వేళవుతుంది. మొదటి రెండు రోజులూ అలాగే తిరిగాడు. మూడో రోజు మిల్లులోనే ఉండిపోయాడు. సి షిఫ్టు మొత్తం ఉండిపోయింది.

వారం తర్వాత బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వెళ్తే దాలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"రాత్రి పనికీ అక్కడే, పగలు కూడుకీ అక్కడే. ఇంక ఈ ఇంటికి నువ్వు సుట్టానివి. ఈసారి ఒచ్చే ముందు కబురెట్టు. కోడిని కోస్తాను."

"ఒంటిగంటకి ఆడ ఏలుముద్ర ఎయ్యాల. ఆ సొక్కా ఇటియ్యి."

"కాళ్లెలాగున్నాయి?"

"ఉన్నాయి," అన్నాడు అసిరయ్య. చొక్కా వేసుకుని సైకిలెక్కాడు.

మిల్లు ఆవరణలో పగలైనా నిద్రపోవడం నేరం. మిల్లు నియమావళి అయిన స్టాండింగ్ ఆర్డర్లలో ఆ మాట స్పష్టంగా ఉంది. క్యాంటీన్ గోడ పక్కన ఒరిగిన ఒకతనికి మెమో ఇచ్చాక ఇక ఎవరూ ఒరగలేదు. భోజనానికీ భోజనానికీ మధ్య ఎక్కడ కూర్చున్నా కళ్లు మూతలు పడుతున్నాయి. నిలబడి ఉండడమే క్షేమమని మగ్గాల షెడ్డులోకి వెళ్లి నిలబడేవారు.

అక్కడ అసిరయ్య మగ్గం మీద ఎ షిఫ్టులో పనిచేసేది గొంతున్న మనిషి.

"ఊరికే నిలబడి ఏటి సేస్తావు బావా, ఒక సెయ్యేసి ఉండు. టీ తాగొచ్చెస్తాను," అన్నాడు.

అతను టీ తాగి షిఫ్టు దిగే వేళకు వచ్చాడు. మర్నాడు అడగకుండానే వెళ్లాడు. పది రోజుల్లో ఎ షిఫ్టు, బి షిఫ్టు మగ్గాలన్నింటి మీదా సి షిఫ్టు చేతులే ఆడుతున్నాయి. పనిలో ఉంటే నిద్ర రాదు, మెమో రాదు. మగ్గాల సొంతదారులు బయట బజ్జీల బండి దగ్గర ఉండేవారు.

రాత్రి పదింటికి సి షిఫ్టు సైరన్ మోగేది. అప్పటికి ఆ మనుషులు పగలంతా నేసి, ఐదున్నరకే భోంచేసి ఉన్నారు. మొదట వాలినవాడు సూపర్‌వైజరు. అతనూ పగలు మూడు పూటలా వేలు వెయ్యాల్సినవాడే. ఆ తర్వాత ఎవరి మగ్గం పక్కన వాళ్లు గోనె పట్టాలు పరుచుకున్నారు. పట్టుకోవాల్సిన కాపలావాళ్లు కూడా పథకంలో చేరారు గనుక గేటు దగ్గర ఒరిగారు. మిల్లు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మొదటి రాత్రి మగ్గాల చప్పుడు వినపడక లేచి కూర్చున్నారట. తర్వాత వాళ్లకూ అలవాటైంది.

సంచుల లెక్క తగ్గలేదు. ఇదివరకు టీలకూ కబుర్లకూ సగం సేపు ఆగి ఉండే పగటి మగ్గాలు ఇప్పుడు ఆగకుండా ఆడుతున్నాయి గనుక సి షిఫ్టు సంచులు కూడా పగలే తయారవుతున్నాయి. ఆఫీసు మొత్తం చూసేది, ఏ షిఫ్టుకెన్ని అని చూసేది కాదు.

మళ్లీ రక్తం తీసిన రోజు డాక్టరు హైమవతి నివేదిక రెండుసార్లు చదివి, అసిరయ్యను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"నీ షుగర్ నార్మల్‌కి వచ్చింది. షిఫ్టు మొత్తానికీ దిగింది. తిండి వేళ మారితే కొంత తగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఇంత తగ్గదు. రాత్రి ఏం చేస్తున్నావు?"

"డ్యూటీలో ఉంతన్నానమ్మా."

"డ్యూటీలో ఏం చేస్తున్నావు?"

అసిరయ్య తలుపు వైపు చూశాడు. "తొంగుంతన్నానమ్మా."

హైమవతి కళ్లజోడు తీసింది. "నేను చెప్పిన మందు నిద్రే కదా. మీ ఆఫీసు అడ్డదారిన తెచ్చి పోసింది." నివేదిక మీద పెన్ను పెట్టింది. "ఇది నేను రాస్తే నిన్ను పనిలోంచి తీసేస్తారు. రాయకపోతే, షుగర్ తగ్గింది కాబట్టి నీ దరఖాస్తు కొట్టేస్తారు. ఈ పథకం ఏదో ఒక రోజు ఎత్తేస్తారు. అప్పుడు మళ్లీ రాత్రంతా మగ్గం, నడిరాత్రి అన్నం. నీ కాళ్ల సంగతి నాకు అప్పుడే భయం. ఏం చెయ్యమంటావు?"

"పగలు డ్యూటీ రావాలమ్మా. నిద్ర మాట మీరు రాయొద్దు. అడిగే మనిసి తగిల్తే నానే సెప్పుకుంతాను."

అడిగే మనుషులు తగిలారు. సి షిఫ్టు రక్త పరీక్షల ఫలితాలను జనరల్ మేనేజరు గారు రంగుల పుస్తకంగా అచ్చు వేయించి అన్ని చోట్లకూ పంపారు. రాజధాని నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ బయల్దేరింది. పథకం నచ్చితే మిల్లుకు జాతీయ స్థాయి పురస్కారం. మిల్లు గోడలకు సున్నం వేశారు. అందరికంటే ఎక్కువ చక్కెర తగ్గినవాడు అసిరయ్య అని తేలడంతో అతణ్ణి 'ఆదర్శ నిశాశ్రామికుడు'గా ఎంపిక చేశారు.

సభ క్యాంటీన్‌లో, మధ్యాహ్న భోజనం అయ్యాక. వేదిక ఎక్కే ముందు గంగులు అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి సెప్తావు?"

"నిజం సెప్పి, పగలు డ్యూటీ అడుగుతాను. ఆ ముగ్గురూ పైనుంచి ఒచ్చినోలు. ఈలు ఇయ్యనిది ఆలు ఇప్పిస్తారు."

"నిజం సెప్తే షిఫ్టు మొత్తాన్నీ ఇంటికి తోలెస్తారు. నోరు మూసుకుని సాలువా కప్పించుకో బావా. సలికాలం పనికొస్తాది."

శాలువా కప్పారు. కమిటీ చైర్మన్ మైకు అసిరయ్య వైపు తిప్పారు.

"మీ ఆరోగ్య స్థితిలో సంభవించిన ఈ గుణాత్మక పరివర్తనకు ప్రధాన కారకం ఏమిటని మీరు భావిస్తున్నారు?"

ముక్తేశ్వరరావు రాసిచ్చిన జవాబు అసిరయ్య జేబులో ఉంది. దాన్ని తీయలేదు.

"నిద్రండి," అన్నాడు. "రాత్రిపూట మేం మగ్గాల కాడ తొంగుంతన్నామండి. అందరమూని. మనిసికి రాత్రి నిద్రుంటే రోగం దిగతాది. మా అయ్యకి నిద్ర లేకే కాలు పోయింది. నాకు పగలు డ్యూటీ ఇప్పించండి బాబూ. రాత్రి మా ఇంటి కాడ తొంగుంతాను."

క్యాంటీన్‌లో వంటవాళ్లు గరిటెలు ఆపారు. గంగులు తల దించుకున్నాడు. ముక్తేశ్వరరావు మైకు తీగ ఎక్కడ గోడలోకి పోతోందో వెతకడం మొదలుపెట్టాడు. చైర్మన్ గారు జనరల్ మేనేజరు గారి వైపు తిరిగారు.

జనరల్ మేనేజరు గారు లేచి నిలబడ్డారు. ముందుగా ఆయనే చప్పట్లు కొట్టారు.

"పథకం ద్వితీయ దశను ఫలితాలు స్థిరపడ్డాక వెల్లడించాలని అనుకున్నాం. మా శ్రామికుడు తన సహజ నిష్కాపట్యంతో ముందే వెల్లడించాడు. అవును. 'కార్యస్థల నియత నిశావిశ్రాంతి' ఈ సంస్థలో ప్రయోగాత్మకంగా అమల్లో ఉంది."

"ఉత్పత్తి?" అన్నారు చైర్మన్ గారు.

"లేశమాత్రం తగ్గలేదు."

చైర్మన్ గారు లెక్కలు తెప్పించి చూశారు. తగ్గలేదు. రాత్రి మగ్గాలు ఆపినా సంచులు తగ్గని మిల్లును తన సర్వీసులో చూడలేదని, ఇది అధ్యయనార్హమని ఆయన రాసుకున్నారు. పురస్కారం రెండు దశలకూ కలిపి ఇచ్చారు.

ద్వితీయ దశ నిజంగా లేదు కాబట్టి మర్నాడే తయారు చెయ్యాల్సి వచ్చింది. డ్యూటీలో నిద్రపోతే శిక్ష అని స్టాండింగ్ ఆర్డర్లలో ఉంది. దాన్ని మార్చాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని సి షిఫ్టులో నిద్రే డ్యూటీ అని ఉత్తర్వు ఇచ్చారు. నిద్రపోనివాడు విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించినట్టు. ఇక ఎవరు పడుకున్నారో, ఎవరు ఊరికే కళ్లు మూసుకున్నారో తనిఖీ చెయ్యడానికి రాత్రంతా మెలకువగా ఉండే మనిషి ఒకడు కావాలి.

అసిరయ్యను మళ్లీ పిలిచారు. ఈసారి కుర్చీ చూపించారు. కూర్చోలేదు.

"నీ దరఖాస్తును యాజమాన్యం మిక్కిలి సానుభూతితో పరిశీలించింది," అన్నారు జనరల్ మేనేజరు గారు.

అసిరయ్య చేతులు జోడించాడు.

"నిద్ర ప్రాముఖ్యాన్ని ఈ సంస్థలో ప్రప్రథమంగా గుర్తించిన శ్రామికుడవు. సత్యసంధుడవు. ఆరోగ్యవంతుడవు. నీకు నిద్రా పర్యవేక్షకుడిగా పదోన్నతి కల్పిస్తున్నాం."

"పగలేనా బాబూ?"

"నిద్ర రాత్రి కదా," అన్నాడు ముక్తేశ్వరరావు.

అసిరయ్య జోడించిన చేతులు దించాడు.

"మరి నానెప్పుడు తొంగోవాల?"

"ఈ పథకం శ్రామికులకు ఉద్దేశించినది. నిద్రా పర్యవేక్షకుడు శ్రామికుడి నిర్వచనంలోకి రాడు," అన్నారు జనరల్ మేనేజరు గారు. "ఆ కారణం చేత నిశాహార నిషేధం కూడా నీకు వర్తించదు. నీ కోసం రాత్రి క్యాంటీన్ తెరిపిస్తున్నాం."

దాలమ్మ సంగతంతా విన్నది.

"పెద్ద ఉజ్జోగమేనన్న మాట," అంది.

"టార్చిలైటు ఇచ్చినారు."

"నిజం సెప్పినందుకు నీకొక్కడికీ నిద్ర లేకుండా సేసినారు. అబద్ధం ఆడుంటే అందరితో పాటు తొంగునేవోడివి."

ఇప్పుడు రాత్రి పదింటికి సైరన్ మోగగానే సి షిఫ్టు మొత్తం పట్టాలు పరుచుకుంటుంది. అసిరయ్య టార్చి పట్టుకుని మగ్గాల వరసల మధ్య తిరుగుతాడు. కళ్లు తెరిచి ఉన్నవాళ్ల పేర్లు రాసుకోవాలి. నడిరాత్రి క్యాంటీన్‌లో అతనొక్కడికే అన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు వడ్డిస్తారు. తినకపోతే వండినది వృథా చేసినట్టు సంజాయిషీ అడుగుతారు.

మొదటి వారం ఒక రాత్రి గంగులు పట్టా మీద నుంచి తల ఎత్తాడు.

"బావా, ఆ సెప్పులిప్పి తిరుగు. టకటకమని లేపెస్తావు, మల్లీ లెగిసినానని నామీదే రాస్తావు."

అసిరయ్య చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. నేల అరికాళ్లకు చల్లగా తగలాలి. అంతగా తగల్లేదు.

తెల్లారి షిఫ్టు దిగి నేరుగా ముక్తేశ్వరరావు గదికి వెళ్లి కొత్త దరఖాస్తు ఇచ్చాడు. తనను పర్యవేక్షకుడి పని నుంచి తీసి, సి షిఫ్టులోనే మామూలు కార్మికుడిగా వెయ్యమని.

పదోన్నతిని కాదనాలంటే ఆరోగ్య కారణం చూపాలని, అందుకు డాక్టరు సంతకం కావాలని ముక్తేశ్వరరావు చెప్పాడు. అసిరయ్య ఆసుపత్రికి వెళ్లాడు. హైమవతి రక్తం తీయించి చూసింది. షుగర్ పెరుగుతోంది గాని ఆఫీసు ఒప్పుకునేంత పెరగలేదని, ఈ ఉద్యోగంలోనే ఇంకొన్నాళ్లు ఓపిక పడితే దరఖాస్తుకు సరిపోతుందని చెప్పి, మళ్లీ రమ్మని చీటీ రాసిచ్చింది.